ఆదివారం అనుబంధంలో వచ్చిన మొహీటో తయారీకి సవరణ వేయాలని మనవి

సంపాదకుల వారికి నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలోని వంటల పేజీలో రమ్ము, పుదీనా, నిమ్మరసంతో ఇంట్లోనే పానీయం చేసుకునే పద్ధతి అచ్చయింది. దాని గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. మా బరంపురం 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో చేరింది. అయినా తెలుగు పత్రిక గుమ్మంలో పడనిదే పొద్దు మొదలవ్వని ఇళ్లు ఇక్కడ ఇప్పటికీ ఎన్నో ఉన్నాయి, మాది వాటిలో ఒకటి. మీరు అచ్చు వేసిన కొలతను మేము నమ్ముతాం, నమ్మి అలాగే చేస్తాం. అందుకే ఆ వ్యాసంలోని తప్పులు నాకు చిన్నవిగా తోచలేదు.

ఆ ఆదివారం సాయంత్రం అమ్మాయి, అల్లుడు ఇచ్ఛాపురం నుంచి వచ్చారు. డాబా మీద కూర్చుని, మీ పేజీ ఎదురుగా పెట్టుకుని, అందులో చెప్పినట్టే చేశాం. పిడికెడు పుదీనాను చక్కెరతో కలిపి మిక్సీలో తిప్పమన్నారు, తిప్పాం. ఏ రమ్మైనా ఫరవాలేదన్నారు, ఇంట్లో ఉన్న నల్ల రమ్ము పోశాం. నిమ్మ రుచి ఉన్న తియ్యటి కూల్ డ్రింకుతో గ్లాసు నింపమన్నారు, నింపాం. వచ్చింది బురద రంగు నీళ్లు. పైన నురగ, అడుగున పిప్పి, నాలుక మీద పచ్చిగడ్డి నమిలినట్టు చేదు. "పచ్చడికి నూరినట్టుంది మామయ్యగారూ" అన్నాడు అల్లుడు. అతను ఊరికే అనే మనిషి కాదు. నేను ముప్పై ఏళ్లకు పైగా ఒక చక్కెర మిల్లు ప్రయోగశాలలో రసాయన పరీక్షలు చేసి రిటైరైనవాణ్ణి. మిక్సీ మూత బిగించేటప్పుడే నాకు అనుమానం రావలసింది. అచ్చులో ఉందన్న గౌరవంతో ఆగిపోయాను.

ఇక విషయానికి వస్తాను. మొదట పేరు. మీరు 'మోజిటో' అని రాశారు. అది క్యూబా దేశపు పానీయం, అక్కడి భాష స్పానిష్, ఆ భాషలో ఆ అక్షరాన్ని 'హ' అని పలుకుతారు కాబట్టి మొహీటో అనడం సబబు. ఇది పెద్ద తప్పు కాదు, పెళ్లిళ్లలో అందరూ మోజిటో అనే అంటున్నారు. నా అసలు బాధ పుదీనా గురించి.

పుదీనా వాసన ఆకు లోపల ఉండదు, ఆకు పైపొరలో ఉంటుంది. భూతద్దం పెట్టి ఆకు వెనుక వైపు చూస్తే గుండుసూది మొన కన్నా చిన్న బుడిపెలు మెరుస్తూ కనిపిస్తాయి. సుగంధ తైలం నిలవ ఉండే తిత్తులు అవే. అవి ఎంత పలుచనివంటే, కుండీ పక్క నుంచి నడుస్తూ చీర కుచ్చెళ్లు తగిలినా పగిలి వాసన వస్తుంది. వాటిని పగలగొట్టడానికి వేలి ఒత్తిడి చాలు. మిక్సీ బ్లేడు ఆ తిత్తులతో ఆగదు, ఆకు కణాలన్నిటినీ చీల్చేస్తుంది. అప్పుడు లోపలి పత్రహరితం, వగరు పదార్థాలు రసంలోకి దిగుతాయి. ఆకులోనే ఉండే కొన్ని ఎంజైములకు గాలి తగిలి, కోసిన వంకాయ నల్లబడినట్టే, నిమిషాల్లో ఆ రసం రంగు మారుతుంది. మేము తాగిన చేదు అదే, ఆ బురద రంగు అదే. ఎక్కువ నూరితే ఎక్కువ సువాసన వస్తుందని మీ రచయిత అనుకుని ఉంటారు. చట్నీ విషయంలో ఆ మాట నిజమే, ఎందుకంటే చట్నీలో మనం ఆకును తింటాం. ఈ పానీయంలో ఆకు తినేది కాదు, దాని వాసన మాత్రమే మనకు కావాలి.

దీనికి పరదేశపు పాఠం అక్కరలేదు. మా అమ్మమ్మ వేసవిలో మజ్జిగ తేట చేసేటప్పుడు దబ్బాకులను అరచేతిలో ఒకసారి నలిపి కుండలో వేసి మూత పెట్టేది. దబ్బాకు దొరకని రోజున నిమ్మాకు వేసేది. ఏ ఇంట్లోనూ దబ్బాకును రోట్లో వేసి రుబ్బగా నేను చూడలేదు. ఆకు నలిగి, ముక్కలు కాకుండా ఉండాలని ఆవిడకు ఎవరూ చెప్పకుండానే తెలుసు. మొహీటోలో చేయవలసిన పని అంతకంటే ఒక్క పిసరు కూడా ఎక్కువ కాదు. బార్లలో దీనికి మొద్దుకొన ఉన్న కర్ర వాడతారు. మన ఇళ్లలో అప్పడాల కర్ర చివర సరిగ్గా సరిపోతుంది. పప్పుగుత్తి మాత్రం వద్దు, దాని గాట్లు ఆకును చింపేస్తాయి. గ్లాసు అడుగున పుదీనా, చక్కెర, నిమ్మరసం వేసి, కర్ర చివరతో నాలుగైదు సార్లు నెమ్మదిగా అదిమి, కొంచెం తిప్పితే చాలు. చక్కెర పలుకులు ఆకు పైపొరను ఒరుసుకుని తిత్తులను తెరుస్తాయి. ఆకు ఆకులాగే ఉండి, ముదురు రంగుకు తిరిగి, వాసన ముక్కుకు తగిలిన క్షణాన ఆపేయాలి.

ఆకును ఎంచుకునే తీరు గురించి మీ వ్యాసంలో ఒక్క మాట కూడా లేదు. మన బజారులో దొరికే పుదీనా ఎక్కువగా స్పియర్‌మింట్ జాతిది. దాని వాసనకు మూలం కార్వోన్ అనే పదార్థం, అందుకే తియ్యదనం ఉన్న వాసన వస్తుంది. పెప్పర్‌మింట్‌లో మెంథాల్ ఎక్కువ, అది మందు బిళ్లల చల్లదనం ఇస్తుంది కాబట్టి ఈ పానీయానికి నప్పదు. క్యూబాలో వాడేది హియెర్బా బ్వేనా అనే పుదీనా, దానికి మన ఆకు దగ్గర చుట్టమే. కట్టలో ముదిరిన కాడలు, పూతకు వచ్చిన రెమ్మలు వదిలేసి కొసల్లో నాలుగైదు ఆకులున్న లేత రెమ్మలు తీసుకోవాలి. మా ఇంటావిడ బజారు కట్టలోని కాడలనే నాటి పెంచిన కుండీలు మూడు ఉన్నాయి. పొద్దున నీళ్లు పోశాక కోసిన ఆకుకూ, బజారులో పొద్దంతా నీళ్లు చల్లించుకున్న ఆకుకూ తేడా తాగగానే తెలుస్తుంది. బజారు ఆకైతే బాగా కడిగి, గుడ్డ మీద పరచి తడి ఆరనివ్వాలి.

నిమ్మకాయ విషయంలో మనం నిజంగా అదృష్టవంతులం. పై దేశాల పుస్తకాల్లో ఈ పానీయానికి 'లైమ్' అని రాసి ఉంటుంది, చాలామంది దాన్ని పసుపుపచ్చటి పెద్ద నిమ్మగా పొరబడతారు. మన బజారు నిమ్మకాయ, ఒడియాలో కాగజీ లెంబు అని అడిగి కొనే ఆ పలుచని తొక్క కాయ, అక్కడివాళ్లు కీ లైమ్ అనే జాతే. వాసన, పులుపు రెండూ పుష్కలంగా ఉన్నది. కాయ చిన్నది కాబట్టి ఒక్కోదాని నుంచి 10 నుంచి 15 మిల్లీలీటర్ల రసం వస్తుంది. మీ వ్యాసంలోని 'అర చెక్క' ఎటూ చాలదు, రెండు కాయలు సిద్ధంగా ఉంచుకోవాలి. రసం అప్పటికప్పుడు పిండాలి, గింజలు తీసేయాలి, తొక్కను ఒడిసిపట్టి మరీ పిండకూడదు. గింజలోనూ తొక్క కింది తెల్లపొరలోనూ చేదు ఉంది.

చక్కెర గురించి ఒక మాట, ఇది నా వృత్తికి సంబంధించిన మాట కూడాను. నీళ్లలో చక్కెర కరిగినంత తేలికగా రమ్ములో కరగదు. ఆల్కహాల్ పాలు పెరిగే కొద్దీ, చల్లదనం పెరిగే కొద్దీ చక్కెర కరిగే గుణం తగ్గిపోతుంది. మీ వ్యాసంలో చెప్పినట్టు ఐసు, రమ్ము వేశాక పైన ఇంకో చెంచా చక్కెర చల్లితే అది అడుగుకు దిగి ఇసుకలా ఉండిపోతుంది. మొదటి గుక్క పుల్లగా, ఆఖరి గుక్క పానకంలా ఉంటుంది. అందుకే చక్కెరను ముందే నిమ్మరసంలో కరిగించాలి. తొందరగా కావాలంటే చక్కెర, నీళ్లు సమపాళ్లలో మరిగించి చల్లార్చిన పాకం వాడుకోవచ్చు, కానీ అప్పుడు ఆకును ఒరుసుకునే పలుకులు ఉండవని గుర్తుంచుకోవాలి. బెల్లం వేస్తే అది వేరే పానీయం అవుతుంది. నేను చేసి చూశాను, బాగానే ఉంది, కానీ పుదీనా వెనక్కి పోయి బెల్లం ముందుకొస్తుంది.

రమ్ము చెరుకు నుంచి వచ్చేది. చక్కెర పలుకు కట్టగా మిగిలిన మడ్డిని పులియబెట్టి బట్టీ పెడితే వస్తుంది. మా గంజాం జిల్లా వాళ్లకు ఇది వింత కాదు. ఋషికుల్య ఒడ్డున ఆస్కాలో 19వ శతాబ్దం నుంచే చక్కెర కర్మాగారమూ దాని పక్కనే బట్టీ ఉండేవి. మడ్డి వాసన తెలియని ముక్కు ఆ చుట్టుపక్కల ఉండదు. చెరుకును కరీబియన్ దీవులకు 1493లో తన రెండో ప్రయాణంలో కొలంబస్ తీసుకువెళ్లాడు. తర్వాతి శతాబ్దాల్లో ఆ దీవుల్లో బానిసల చేత సాగు చేయించిన తోటల మడ్డి నుంచే రమ్ము పుట్టింది. మొదట్లో అది గొంతు కాల్చే సరుకు. 1862లో క్యూబాలోని శాంటియాగోలో బట్టీ కొన్న ఫకుందో బకార్డీ వంటివారు బొగ్గులో వడపోసి, చెక్క పీపాల్లో నిలవ చేసి తేలికైన తెల్ల రమ్ము తీసుకురావడంతో దాని నడక మారింది. మొహీటోకు ఈ తెల్ల రమ్మే ఎందుకంటే, అది పుదీనాకు, నిమ్మకు అడ్డు రాదు. మన దేశంలో అందరికీ తెలిసిన నల్ల రమ్ములో వనిల్లా, మాడిన చక్కెర రుచులు గాఢంగా ఉంటాయి. అవి చలికాలంలో వేడినీళ్లతో బాగుంటాయని నేనూ ఒప్పుకుంటాను. పుదీనా పక్కన మాత్రం అవి గొంతు చించుకుని అరుస్తాయి. 'ఏ రమ్మైనా ఫరవాలేదు' అన్న వాక్యాన్ని దయచేసి వెనక్కి తీసుకోండి.

ఆ వాక్యం ఇంకో కారణం వల్ల కూడా నన్ను కలవరపెట్టింది. పుదీనా, నిమ్మ కలిస్తే ఎంత నాసి సరుకు వాసనైనా మరుగున పడుతుంది. సీలు, లేబులు లేని సారాను ఇలాంటి పానీయంలో కలిపితే తాగేవాడికి అనుమానం రాదు. మిథనాల్ అనే విషపదార్థం కలిసిన సరుకును రుచి చూసి, వాసన చూసి పట్టుకోవడం ఎవరి వల్లా కాదు. 1992 మే నెలలో కటక్‌లో కల్తీ సారా వంద మందికి పైగా ప్రాణాలు తీసిన సంగతి ఒడిశాలో ఉన్న మా తరం మరిచిపోలేదు. లైసెన్సు ఉన్న దుకాణంలో సీలు చూసి కొన్న సీసా మాత్రమే వాడాలని వ్యాసంలో ఒక్క వాక్యం ఉండి తీరాలి.

అన్నిటికంటే పెద్ద తప్పు 'ఒక పెగ్గు' అన్న మాట. నాకు పెగ్గు అంటే చిన్న పెగ్గు, 30 మిల్లీలీటర్లు. అల్లుడికి పెగ్గు అంటే పెద్ద పెగ్గు, 60 మిల్లీలీటర్లు. గ్లాసులు కలిపింది అతను. తియ్యటి కూల్ డ్రింకు, నిమ్మ కలిసినప్పుడు రమ్ము ఘాటు తెలియదు కాబట్టి, చేదును మింగడానికి ఐసు వేసుకుంటూ రెండేసి గ్లాసులు తాగాం. తర్వాత సీసా చూస్తే సగం కావస్తోంది. ఆ రాత్రే కారు నడుపుకుంటూ ఇచ్ఛాపురం వెళ్లిపోవాలని వాళ్ల ఆలోచన. నేను తాళాలు తీసుకుని పడుకోమన్నాను. అతను మారు మాట్లాడలేదు, కానీ అమ్మాయి ముఖంలో కనిపించిన భయం నేను మరచిపోలేకున్నాను.

లెక్క ఇలా ఉంటుంది. మన దేశంలో అమ్మే రమ్ములో సాధారణంగా ఆల్కహాల్ 42.8 శాతం. 45 మిల్లీలీటర్లు పోస్తే అందులో ఉన్న శుద్ధ ఆల్కహాల్ సుమారు 15 గ్రాములు, 60 పోస్తే సుమారు 20 గ్రాములు. మేము తాగిన రెండు గ్లాసుల్లో మనిషికి 40 గ్రాములు చేరాయన్నమాట. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే వాహనం నడపడం నేరం. ఆ పరిమితి దాటడానికి రెండు గ్లాసుల దాకా కూడా పోనక్కరలేదు. ఎంత తక్కువ తాగినా ఆరోగ్యానికి పూర్తిగా క్షేమకరమైన మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా ప్రకటించింది. తాగవద్దని మీ పత్రికలో ఉపన్యాసం వేయమని నేను కోరడం లేదు, నేనూ అప్పుడప్పుడు తాగేవాణ్ణే. పప్పు ఎన్ని గ్లాసులో, ఉప్పు ఎన్ని చెంచాలో చెప్పే పేజీలో రమ్ము కొలత మాత్రం ఊహకు వదిలేయడం న్యాయం కాదని నా అభిప్రాయం.

సోడా, ఐసు సంగతి త్వరగా చెబుతాను. పోయవలసింది రుచి లేని ఉత్త సోడా. మా ఊళ్లో ఇంకా దొరికే గోలీ సోడా కూడా బాగుంటుంది. సోడాను ముందే బాగా చల్లబరచాలి, వెచ్చటి నీటిలో గ్యాసు నిలవదు. ఐసు గ్లాసు నిండా వేయాలి. తక్కువ ఐసు వేస్తే పానీయం గట్టిగా ఉంటుందని అనుకుంటారు గానీ, రెండు ముక్కలు త్వరగా కరిగి నీళ్లవుతాయి, నిండుగా ఉన్న ఐసు ఒకదాన్నొకటి చల్లగా ఉంచుకుంటూ నిలుస్తుంది. ఆ ఐసు ఇంట్లో తాగే నీళ్లతో చేసినదై ఉండాలి. చేపల పెట్టెల్లోకి వెళ్లే దిమ్మను పగలగొట్టి తెచ్చి గ్లాసుల్లో వేయడం మా సముద్రతీరం ఊళ్లలో ఫంక్షన్ల దగ్గర చూశాను. అది తాగడానికి చేసిన ఐసు కాదు.

అంతర్జాతీయ బార్‌టెండర్ల సంఘం అంగీకరించిన కొలతలను మన ఇంటి సామానుకు అన్వయించి ఇక్కడ రాస్తున్నాను. ఒక గ్లాసుకు తెల్ల రమ్ము 45 మిల్లీలీటర్లు, అప్పుడే పిండిన నిమ్మరసం 20 మిల్లీలీటర్లు, తెల్ల చక్కెర 2 టీ చెంచాలు, పుదీనా లేత రెమ్మలు 6, ఉత్త సోడా తగినంత. దగ్గు మందు సీసాతో వచ్చే కొలత మూత ఇంట్లో ఉంటే దాంతోనే కొలవండి. పొడుగాటి గ్లాసులో పుదీనా, చక్కెర, నిమ్మరసం వేసి, చక్కెర చాలావరకు కరిగేదాకా అప్పడాల కర్ర చివరతో మెత్తగా అదమాలి. కొద్దిగా సోడా పోసి, గ్లాసు నిండా ఐసు వేసి, రమ్ము పోసి, పైన సోడాతో నింపాలి. పొడుగు చెంచాతో అడుగు నుంచి ఒక్కసారి పైకి ఎత్తినట్టు కలిపితే చాలు, గిలక్కొడితే గ్యాసు పోతుంది. ఒక రెమ్మను రెండు అరచేతుల మధ్య చప్పట్లా తట్టి పైన గుచ్చితే గ్లాసు నోటికి చేరేలోపే వాసన తెలుస్తుంది. పానీయం తేటగా, ఆకులు పచ్చగా మధ్యలో తేలుతూ ఉండాలి. నీళ్లు పచ్చగా మారాయంటే ఆకు చితికిందనో, రంగు సిరప్ పోశారనో అర్థం.

ఈ పద్ధతిలోనే మొన్న మళ్లీ చేశాను. మా ఇంటావిడ మద్యం ముట్టదు కాబట్టి ఆవిడకు రమ్ము లేకుండా, ఆ మేరకు సోడా ఎక్కువ పోసి ఇచ్చాను. తాగి, "మన కుండీ పుదీనా వాసన ఇంత బాగుంటుందని ఇన్నేళ్లూ నాకే తెలియలేదండీ" అంది. పెళ్లి విందుల్లో స్వాగత పానీయమని చేతికిచ్చే చిక్కటి ఆకుపచ్చ సిరప్ నీళ్లే మొహీటో అని మన పిల్లలు అనుకుంటున్నారు. రమ్ము లేని ఈ గ్లాసు ఒకసారి ఇచ్చి చూడండి, వాళ్లు ఆ సిరప్ అడగడం మానేస్తారు. మీ వ్యాసంలో రమ్ము లేని పద్ధతి ప్రస్తావనే లేకపోవడం నాకు లోటుగా అనిపించింది, ఎందుకంటే పేజీ చదివేవాళ్లలో తాగనివాళ్లే ఎక్కువ.

చివరగా సరిహద్దు సంగతి. 'సరిహద్దు జిల్లాల పాఠకులు ఎటు చవకగా దొరికితే అటు కొనుక్కోవచ్చు' అని మీ వ్యాసం చివర ఉంది. మేము చుట్టపు చూపుగా వారానికోసారి అటూ ఇటూ దాటే మనుషులం, ఆ వాక్యం మావాళ్లను చిక్కుల్లో పడేస్తుంది. ప్రతి సీసా మీద ఏ రాష్ట్రంలో అమ్మకానికో అచ్చు వేసి ఉంటుంది, ఒక రాష్ట్రం సరుకును అనుమతి లేకుండా ఇంకో రాష్ట్రంలోకి తీసుకువెళ్లడం ఎక్సైజు నేరం కిందికి వస్తుంది. ఒడిశాలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదన్న సంగతి కూడా అక్కడ ఉండవలసింది.

వచ్చే ఆదివారం అదే పేజీలో, అదే చోట సవరణ వేయవలసిందిగా కోరుతున్నాను. స్థలం చాలకపోతే మా ఇంటి సంగతులన్నీ తీసేయండి. కొలతల పేరా, సీసా సీలు గురించిన వాక్యం, కారు తాళాల సంగతి మాత్రం ఉంచండి.

భవదీయుడు,
మీ పాఠకుడు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా.